అడిగినంతే చూపించే గుర్తింపు: కళాశాల ఐడీకి ఎస్‌డీ-జేడబ్ల్యూటీ టోకెన్ తయారుచేయడం ఎలా

గుంటూరు బ్రాడీపేటలోనైనా, విజయవాడ బెంజ్ సర్కిల్ పరిసరాల్లోనైనా ప్రైవేటు హాస్టల్‌లో చేరే విద్యార్థిని సాధారణంగా ఆధార్ జిరాక్సు, కళాశాల కార్డు జిరాక్సు అడుగుతారు. హాస్టల్ యజమానికి తెలియవలసినవి ఈ మనిషి ఎవరు, చెబుతున్న కళాశాలలో నిజంగా చదువుతున్నాడా అన్న రెండు సంగతులే అయినా, ఆయన ఫైలులో చేరేది మాత్రం పుట్టిన తేదీ, తండ్రి పేరు, సొంతూరి చిరునామా, రక్తం గ్రూపు, ఫోన్ నంబరు సహా సమస్త సమాచారం. మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే 12 అంకెల్లో చివరి 4 మాత్రమే కనిపిస్తాయి గాని, పుట్టిన తేదీ, చిరునామా అలాగే ఉంటాయి.

కార్డును ఫోన్‌లోకి తెచ్చినంత మాత్రాన ఈ ఇబ్బంది తీరదు. లాగిన్‌లలోను, అనుమతుల వ్యవస్థల్లోను విస్తారంగా వాడుతున్న జేడబ్ల్యూటీ టోకెన్‌లో (జేసన్ వెబ్ టోకెన్, 2015లో ఆర్ఎఫ్‌సీ 7519గా వెలువడిన ప్రమాణం) వివరాలన్నింటికీ కలిపి ఒకే సంతకం ఉంటుంది. అందులోంచి ఒక్క క్లెయిమ్ (అంటే టోకెన్‌లోని ఒక వివరం) తీసివేసినా సంతకం చెల్లదు కాబట్టి, టోకెన్ చేతిలో ఉన్నవారు అంతా చూపించాలి, లేదా ఏమీ చూపించకూడదు. సంతకం చెడకుండానే కొన్ని క్లెయిమ్‌లను మాత్రమే చూపించే వీలు కల్పించేది ఎస్‌డీ-జేడబ్ల్యూటీ (ఎస్‌డీ అంటే సెలెక్టివ్ డిస్‌క్లోజర్, ఎంచి చూపించడం). ఇది 2025 నవంబరులో ఆర్ఎఫ్‌సీ 9901గా ప్రమాణ హోదా పొందింది.

ఈ వ్యాసం అలాంటి టోకెన్‌ను తయారుచేయవలసిన సాఫ్ట్‌వేర్ వారి కోసం. గుంటూరులో ఒక ఇంజనీరింగ్ కళాశాల తన విద్యార్థులకు డిజిటల్ ఐడీ ఇవ్వదలచిందని ఊహించుకుందాం. కళాశాల టోకెన్ జారీ చేస్తుంది. విద్యార్థి దానిని ఫోన్‌లోని వాలెట్‌లో దాచుకుంటాడు, అతడే హోల్డర్. హాస్టల్, బస్సు పాస్ కౌంటర్, పుస్తకాల దుకాణం దానిని సరిచూస్తాయి, అవి వెరిఫైయర్‌లు. జేసన్ అంటే ఏమిటో, పబ్లిక్ కీ సంతకం ఎలా పనిచేస్తుందో మీకు తెలుసనే అనుకుంటున్నాను. క్లెయిమ్‌ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నా, మీ కోడులో ప్రమాణంలో ఉన్న అక్షరాలే వాడాలి. దాచిన క్లెయిమ్ బదులు టోకెన్‌లో ఉండే హ్యాష్‌లు (విలువ నుంచి లెక్కగట్టే, వెనక్కి తిప్పలేని ముద్రలు) లెక్కగట్టే కోడు చాలా చిన్నది, దానికి మంచి లైబ్రరీలు కూడా ఉన్నాయి. కాబట్టి మీ సమయంలో అధిక భాగాన్ని కింది మొదటి మూడు దశలకు కేటాయించండి.

1. ఎవరికి ఏది అవసరమో ముందు కాగితం మీద తేల్చండి

ఒక పట్టిక గీయండి. నిలువు గడుల్లో వెరిఫైయర్‌లు, అడ్డ గడుల్లో క్లెయిమ్‌లు రాసి, అవసరమైన చోట మాత్రమే గుర్తు పెట్టండి. గుర్తు పెట్టిన ప్రతి గడి పక్కన "ఇది తెలియకపోతే వారి పని ఎక్కడ ఆగిపోతుంది?" అన్న ప్రశ్నకు ఒక వాక్యంలో జవాబు రాయండి. జవాబు రాయలేని గడిని కొట్టివేయండి.

హాస్టల్‌కు పేరు, ఫొటో, ప్రస్తుతం చదువుతున్నట్టు ధ్రువీకరణ కావాలి. బస్సు పాస్ కౌంటర్‌కు వాటితోపాటు కోర్సు, సంవత్సరం, నివాస ప్రాంతం అవసరం కావచ్చు, కాని ఇంటి నంబరు అవసరం లేదు. విద్యార్థులకు రాయితీ ఇచ్చే ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణానికైతే పేరు కూడా అక్కరలేదు, విద్యార్థి అయితే చాలు. కళాశాలలో రక్తదాన శిబిరం పెడితే వయసు 18 నిండిందా, రక్తం గ్రూపు ఏమిటి అన్న రెండు గడులకు గుర్తు పెట్టాలని తోస్తుంది. కాని గ్రూపును రక్తనిధి వారు ఎలాగూ పరీక్షించి నిర్ధారించుకుంటారు, కార్డు మీద రాసి ఉన్నదని నమ్మి వదిలేయరు. కాబట్టి ఆ గడి కూడా పోతుంది. ఇలా ఒక్కొక్క గడి పోతున్నకొద్దీ మీ మీద భారం తగ్గుతుంది, ఎందుకంటే ఎవరూ అడగని క్లెయిమ్‌ను ఎలా దాచాలన్న ప్రశ్నే మీకు రాదు.

దీనికి చట్టం వైపు నుంచి కూడా ఆధారం ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 6వ సెక్షన్ ప్రకారం, సమ్మతి అనేది చెప్పిన ప్రయోజనానికి అవసరమైన డేటాకే పరిమితమవుతుంది. 18 ఏళ్లు నిండనివారి డేటా విషయంలో తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి కావాలని 9వ సెక్షన్ చెబుతుంది. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో 17 ఏళ్ల వారు కొందరు ఉంటారు, విజయవాడ ఇంటర్మీడియట్ కళాశాలల్లోనైతే దాదాపు అందరూ ఆ వయసులోపు వారే. అందువల్ల పట్టిక గీసేటప్పుడు న్యాయ సలహా ఇచ్చేవారిని పక్కన కూర్చోబెట్టుకోవడం మంచిది.

2. క్లెయిమ్‌లను తగిన ముక్కలుగా విడగొట్టండి

ఈ విధానంలో హోల్డర్ ఒక క్లెయిమ్‌ను పూర్తిగా చూపించగలడు, లేదా పూర్తిగా దాచగలడు, సగం చూపించలేడు. పుట్టిన తేదీని ఒకే క్లెయిమ్‌గా పెట్టి ఊరుకుంటే, 18 నిండాయని రుజువు చేయడానికి కూడా తేదీ మొత్తం బయటపెట్టక తప్పదు. కాబట్టి "18 నిండాయి" అన్న నిజం లేదా అబద్ధం విలువను జారీ సమయంలోనే వేరే క్లెయిమ్‌గా చేర్చాలి. మొబైల్ డ్రైవింగ్ లైసెన్సుల కోసం 2021లో వచ్చిన ఐఎస్ఓ 18013-5 ప్రమాణంలోనూ వయసుకు ఇదే పద్ధతి ఉంది. అయితే ఆ విలువ జారీ చేసిన రోజుకు సంబంధించినది. సెప్టెంబరులో 17 ఏళ్లున్న విద్యార్థికి జనవరిలో 18 నిండితే పాత టోకెన్ ఇంకా "నిండలేదు" అనే చెబుతుంది. టోకెన్ గడువును సంవత్సరాల తరబడి కాక, నెలల్లో పెట్టుకుంటే ఈ సమస్య తనంతట తానే సర్దుకుంటుంది.

చిరునామాను ఇంటి నంబరు, వీధి, ఊరు, జిల్లా, పిన్‌కోడ్‌గా విడగొట్టండి. వాటిలో ప్రతిదానినీ విడిగా దాచదగినదిగా చేయవచ్చు, లేదా మొత్తం చిరునామాను దాచి, దాని లోపలి భాగాలను మళ్లీ విడివిడిగా దాచవచ్చు. రెండో పద్ధతిలో ఊరి పేరు చూపించాలంటే పైనున్న చిరునామా డిస్‌క్లోజర్‌ను (దాచిన క్లెయిమ్‌ను చూపించడానికి టోకెన్‌తో పంపే ముక్క, దాని తయారీ 4వ దశలో ఉంది), ఊరి డిస్‌క్లోజర్‌ను రెండింటినీ పంపాలి. ప్రతిఫలంగా, చిరునామా అనే క్లెయిమ్ అసలు ఉందన్న సంగతి కూడా అవసరం లేనివారికి కనిపించదు. కళాశాల ఐడీకి మొదటిదే చాలునని నా అభిప్రాయం.

కొందరికే ఉండే క్లెయిమ్‌ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందుతున్న విద్యార్థుల టోకెన్‌లోనే ఆ క్లెయిమ్ పెట్టారనుకోండి. విలువ కనిపించకపోయినా, మిగిలినవారి టోకెన్‌లో 11 హ్యాష్‌లు ఉండి వీరి టోకెన్‌లో 12 ఉంటే, లెక్కపెట్టగలిగిన ప్రతి ఒక్కరికీ సంగతి తెలిసిపోతుంది. దీనికి రెండు పరిష్కారాలున్నాయి. క్లెయిమ్‌ను అందరి టోకెన్‌లోనూ పెట్టి, వర్తించనివారికి "లేదు" అన్న విలువ ఇవ్వవచ్చు. లేదా ప్రమాణం అనుమతించే ఉత్తుత్తి హ్యాష్‌లను, అంటే యాదృచ్ఛిక సంఖ్యల నుంచి పుట్టించిన అర్థం లేని విలువలను కలిపి, అందరి సంఖ్యనూ సమానం చేయవచ్చు.

3. ఏవి దాచడానికి వీల్లేదో నిర్ణయించండి

జారీ చేసినవారెవరు, టోకెన్ ఎప్పటి నుంచి ఎప్పటి వరకు చెల్లుతుంది, హోల్డర్ పబ్లిక్ కీ ఏది, టోకెన్ రకం ఏమిటి, రద్దయిందో లేదో ఎక్కడ చూడాలి అన్న క్లెయిమ్‌లు ఎప్పుడూ బాహాటంగానే ఉండాలి. గడువు తేదీ దాచుకునే వీలుంటే గడువు ముగిసిన విద్యార్థి దానినే ముందుగా దాచుకుంటాడు.

ఇదే తర్కం హోల్డర్‌కు ప్రతికూలమైన ప్రతి క్లెయిమ్‌కూ వర్తిస్తుంది. "సస్పెన్షన్‌లో ఉన్నాడు" అన్నదానిని దాచదగిన క్లెయిమ్‌గా పెడితే అది ఎప్పటికీ ఎవరికీ కనిపించదు. అటువంటి స్థితిని టోకెన్ రద్దు ద్వారా తెలియజేయండి, లేదా "ప్రస్తుతం చదువుతున్నాడు" అన్న అనుకూల క్లెయిమ్‌గా తిప్పి రాసి, వెరిఫైయర్ దానిని తప్పనిసరిగా అడిగేలా చూడండి.

ఇక మరో వైపు, బాహాటంగా ఉండే భాగంలోకి మనిషిని పట్టించే వివరం పొరపాటున కూడా చేరకూడదు. జేడబ్ల్యూటీ రాసే అలవాటున్న చేయి 'సబ్' క్లెయిమ్‌లో (టోకెన్ ఎవరి గురించో చెప్పేది) హాల్ టికెట్ నంబరునో రోల్ నంబరునో పెట్టేస్తుంది. అది పెట్టాక పేరు, ఫోన్ నంబరు ఎంత జాగ్రత్తగా దాచినా ప్రయోజనం లేదు, పుస్తకాల దుకాణానికి కూడా రోల్ నంబరు చేరుతుంది. 'సబ్' వదిలేయండి, లేదా దానిని కూడా దాచదగినదిగా చేయండి. టోకెన్‌కు ప్రత్యేక గుర్తింపు ఇచ్చే 'జేటీఐ' కూడా అంతే. జారీ సమయాన్ని సెకండ్లతో సహా రాస్తే అది కూడా దాదాపు ఒక క్రమసంఖ్యలా పనిచేస్తుంది కనుక, దానిని ఆ రోజు ప్రారంభానికి కుదించి రాయడం మేలు.

4. డిస్‌క్లోజర్‌లు, హ్యాష్‌లు తయారుచేయండి

దాచదగిన ప్రతి క్లెయిమ్‌కు మూడు అంశాల జేసన్ జాబితా ఒకటి రాయాలి: మొదట సాల్ట్ (హ్యాష్‌ను ఊహించలేకుండా చేర్చే యాదృచ్ఛిక విలువ), తరువాత క్లెయిమ్ పేరు, చివర విలువ. జాబితాలోని ఒక అంశాన్ని, ఉదాహరణకు చదివిన సబ్జెక్టుల్లో ఒకదానిని దాచాలంటే పేరు ఉండదు, సాల్ట్, విలువ మాత్రమే ఉంటాయి. ఈ జాబితాను బేస్64యూఆర్ఎల్ పద్ధతిలో అక్షరాలుగా మారిస్తే వచ్చేదే డిస్‌క్లోజర్. ఆ అక్షరాల వరుసను షా-256తో హ్యాష్ చేసి, వచ్చిన 32 బైట్లను మళ్లీ బేస్64యూఆర్ఎల్‌లోకి మారిస్తే 43 అక్షరాల విలువ వస్తుంది. టోకెన్‌లో అసలు క్లెయిమ్ బదులు '_ఎస్‌డీ' అనే జాబితాలో ఈ 43 అక్షరాలు మాత్రమే ఉంటాయి.

సాల్ట్ ఎందుకో స్పష్టంగా తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే పని తేలిక చేసుకోవాలనుకునేవారు మొదట వదిలేసేది దానినే. ఏబీఓ, ఆర్‌హెచ్ పద్ధతిలో రక్తం గ్రూపులు 8 మాత్రమే. సాల్ట్ లేకుండా హ్యాష్ చేస్తే, ఎనిమిదింటినీ హ్యాష్ చేసి పోల్చుకుని గ్రూపు చెప్పేయవచ్చు. పదేళ్ల వ్యవధిలో పుట్టిన తేదీలు సుమారు 3,650 మాత్రమే. మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 వరకు అంకెలతో మొదలవుతాయి కాబట్టి గరిష్ఠంగా 400 కోట్లు. వినడానికి పెద్ద సంఖ్యే గాని, మంచి గ్రాఫిక్స్ కార్డుకు క్షణాల పని. 128 బిట్ల యాదృచ్ఛిక సాల్ట్ కలిస్తే ఊహించి పోల్చే మార్గం మూసుకుపోతుంది. ఆ సాల్ట్ భద్రతకు తగిన యాదృచ్ఛిక సంఖ్యల జనరేటర్ నుంచే రావాలి, రోల్ నంబరు నుంచి లెక్కగట్టినది కాకూడదు.

ప్రతి క్లెయిమ్‌కూ వేరు సాల్ట్ ఉండాలన్నది అంతే ముఖ్యం. టోకెన్ మొత్తానికి ఒకే సాల్ట్ పెడితే, విద్యార్థి పుస్తకాల దుకాణంలో ఒక్క క్లెయిమ్ చూపించగానే దానితోపాటు సాల్ట్ కూడా వారి చేతికి చిక్కుతుంది, దానితో మిగతా హ్యాష్‌లన్నింటినీ వారు ఊహించి తేల్చుకోవచ్చు. టోకెన్‌ను పునరుద్ధరించేటప్పుడు కూడా పాత సాల్ట్‌లు తిరిగి వాడకండి. జారీ సర్వర్ లాగ్‌లలో డిస్‌క్లోజర్‌లు నమోదు కాకుండా చూసుకోండి, ఎందుకంటే వాటిలో ఉన్నది రహస్య లిపి కాదు, ఎవరైనా విప్పి చదవగలిగిన అసలు విలువే.

తెలుగు పేర్లు పెట్టేవారికి ఒక ప్రత్యేక సూచన. ఒకే తెలుగు పేరును జేసన్‌లో నేరుగా యూటీఎఫ్-8 అక్షరాలుగా రాయవచ్చు, లేదా ఒక్కొక్క అక్షరాన్ని బ్యాక్‌స్లాష్, యూ, నాలుగు గుర్తుల సంకేతంగా రాయవచ్చు. చదివేవారికి రెండూ ఒకటే గాని బైట్లు వేరు, కాబట్టి హ్యాష్ కూడా వేరు. ఖాళీలు ఎక్కడ పెట్టారన్నది కూడా అంతే. అందుకే ప్రమాణంలో హ్యాష్‌ను జేసన్ మీద కాక, పంపిన అక్షరాల వరుస మీద లెక్కగట్టమన్నారు. వెరిఫైయర్ తనకు అందిన వరుసనే హ్యాష్ చేయాలి. దానిని విప్పి, జేసన్‌గా చదివి, తన లైబ్రరీతో తిరిగి రాసి హ్యాష్ చేస్తే ఇంగ్లిషు పేర్లకు అదృష్టవశాత్తు కుదిరినా తెలుగు పేర్ల దగ్గర దొరికిపోతుంది. అలాగే సాఫ్ట్‌వేర్, ఫారం నింపినవారు కలిసి పేర్ల మధ్య చొప్పించే కనిపించని జీరో-విడ్త్ గుర్తులను జారీకి ముందే ఒక నియమం ప్రకారం ఉంచడమో తీసివేయడమో చేయండి.

చివరగా '_ఎస్‌డీ' జాబితాలోని హ్యాష్‌లను అక్షర క్రమంలో పేర్చండి. క్లెయిమ్‌లు రాసిన వరుసలోనే వదిలేస్తే, మూడోది ఎప్పుడూ రక్తం గ్రూపే అన్నంత సమాచారం ఊరికే బయటపడుతుంది.

5. సంతకం చేసి, విద్యార్థి ఫోన్‌కు ముడివేయండి

హ్యాష్‌ల జాబితా, బాహాటంగా ఉండే క్లెయిమ్‌లు, వాడిన హ్యాష్ పద్ధతి పేరు కలిపి మామూలు జేడబ్ల్యూటీ లాగానే సంతకం చేయాలి. ఈఎస్256 ఎంచుకోవడం సౌకర్యం, ఎందుకంటే ఆండ్రాయిడ్ కీస్టోర్, ఐఫోన్ సెక్యూర్ ఎన్‌క్లేవ్ రెండూ అది వాడే పీ-256 కీలను హార్డ్‌వేర్‌లో దాచగలవు.

కీని ఫోన్‌లో దాచడం దేనికంటే, టోకెన్‌ను ఎవరైనా కాపీ కొట్టుకుపోయినా వాడుకోలేకుండా చేయడానికి. విద్యార్థి ఫోన్‌లో కీల జత పుడుతుంది; ప్రైవేట్ కీ ఫోన్ దాటదు; పబ్లిక్ కీని కళాశాల 'సీఎన్ఎఫ్' అనే క్లెయిమ్‌లో పెట్టి సంతకం చేస్తుంది. టోకెన్, డిస్‌క్లోజర్‌లను టిల్డె గుర్తుతో (~) వరుసగా కలిపి వాలెట్‌కు పంపాలి, చివర కూడా ఒక టిల్డె ఉండాలి. పంపే పద్ధతిని సొంతంగా కనిపెట్టవద్దు. దీనికి ఓపెన్‌ఐడీ ఫౌండేషన్ వారి జారీ ప్రమాణం ఉంది, చూపించడానికి వేరొకటి ఉంది, రెండింటి 1.0 వెర్షన్‌లూ 2025లో ఖరారయ్యాయి.

6. వాలెట్‌లో ఏమి జరగాలి

టోకెన్ అందగానే వాలెట్ సంతకాన్ని, ప్రతి డిస్‌క్లోజర్ హ్యాష్‌ను సరిచూసుకోవాలి. డిస్‌క్లోజర్ పోతే హ్యాష్ నుంచి క్లెయిమ్‌ను తిరిగి రాబట్టడం సాధ్యం కాదు, కళాశాల మళ్లీ జారీ చేయవలసిందే.

హాస్టల్ వారి యాప్ అడిగినప్పుడు వాలెట్ తెర మీద ఎవరు అడుగుతున్నారో, ఏవేవి అడుగుతున్నారో, ఏవి ఇవ్వకపోయినా పని సాగుతుందో విడివిడిగా, తెలుగులో కనిపించాలి. అన్నింటికీ ముందే టిక్కు పెట్టి కింద ఒకే బటన్ ఉంచితే జిరాక్సుకూ దీనికీ తేడా ఉండదు. విద్యార్థి ఒప్పుకున్నాక వాలెట్ ఎంచిన డిస్‌క్లోజర్‌లనే టోకెన్ వెనుక చేర్చి, ఆ వరుస మొత్తాన్ని చివరి టిల్డెతో సహా హ్యాష్ చేసి, ఆ హ్యాష్‌ను, వెరిఫైయర్ ఇచ్చిన నాన్స్‌ను (ఒక్కసారికే పనికొచ్చే యాదృచ్ఛిక విలువను), వెరిఫైయర్ పేరును, సమయాన్ని కలిపి ఫోన్‌లోని ప్రైవేట్ కీతో ఒక చిన్న జేడబ్ల్యూటీ తయారుచేస్తుంది. దీనిని కీ బైండింగ్ జేడబ్ల్యూటీ అంటారు, ఇది వరుసలో చివర చేరుతుంది. హాస్టల్‌కు చూపించినదానిని హాస్టల్ వారు బస్సు పాస్ కౌంటర్‌లో వాడుకోలేకపోవడానికి అందులోని వెరిఫైయర్ పేరు కారణం. నిన్న చూపించినదానిని నేడు తిరిగి వాడలేకపోవడానికి నాన్స్ కారణం.

7. వెరిఫైయర్ సరిచూసే క్రమం

ముందుగా టిల్డెల దగ్గర విడగొట్టి, కళాశాల సంతకాన్ని సరిచూడండి. సంతకం పద్ధతి "నన్" (అంటే సంతకమే లేదు) అని ఉన్న టోకెన్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ అంగీకరించవద్దు. తరువాత ప్రతి డిస్‌క్లోజర్‌ను హ్యాష్ చేసి, టోకెన్‌లో ఆ హ్యాష్ ఉన్నదో లేదో చూడండి. ఏ హ్యాష్‌కూ చెందని డిస్‌క్లోజర్ ఒక్కటి ఉన్నా, ఒకే హ్యాష్ రెండు చోట్ల కనిపించినా, డిస్‌క్లోజర్‌లోని పేరు అదే స్థాయిలో ఇప్పటికే ఉన్న క్లెయిమ్ పేరుతో ఢీకొన్నా, టోకెన్ మొత్తాన్ని తిరస్కరించాలి. తప్పు ముక్కను పక్కన పెట్టి మిగిలినవాటితో సరిపెట్టుకోకూడదు. అన్నీ కుదిరాక, జత దొరకని హ్యాష్‌లను తీసివేసి, గడువు చూడండి.

ఆ తరువాత కీ బైండింగ్. ఇక్కడ జరిగే తప్పు ఒకటుంది: "కీ బైండింగ్ జేడబ్ల్యూటీ వస్తే సరిచూడు, రాకపోతే వదిలేయి" అని కోడు రాయడం. దొంగిలించిన టోకెన్ ఉన్నవాడు చివరి ముక్కను కత్తిరించి పంపితే అటువంటి కోడు సంతోషంగా ఒప్పుకుంటుంది. అది కావాలా వద్దా అన్నది వచ్చిన టోకెన్‌ను చూసి కాక, మీ విధానంలో ముందే నిర్ణయమై ఉండాలి. కావాలనుకుంటే సంతకం, నాన్స్, మీ పేరు, సమయం, వరుస హ్యాష్ అన్నీ కుదరాలి.

కనిపించని క్లెయిమ్‌ను "లేదు" అని అర్థం చేసుకోకూడదు. "18 నిండాయి" అన్నది రాకపోతే నిండలేదని కాదు, తెలియదని అర్థం. మీ ప్రోగ్రామింగ్ భాషలో లేని విలువ తనంతట తాను అబద్ధంగా మారే అలవాటు ఉంటే, ఆ చోట్లు ప్రత్యేకంగా వెతికి సరిచేయండి.

కళాశాల పబ్లిక్ కీ హాస్టల్ ఫోన్‌లో ముందే దాచి ఉంటే సంతకం, హ్యాష్‌ల తనిఖీకి నెట్‌వర్క్ అవసరం లేదు. సెల్లార్‌లో కూర్చున్న వార్డెన్‌కు ఇది చిన్న సౌకర్యం కాదు.

8. ఎక్కడ ఇది కాపాడదో తెలుసుకోండి

విద్యార్థి ఏమీ చూపించకపోయినా టోకెన్ మీది సంతకం, హ్యాష్‌లు, పబ్లిక్ కీ ప్రతి చోటా ఒకటే. హాస్టల్, పుస్తకాల దుకాణం తమ రికార్డులు పక్కపక్కన పెట్టుకుంటే, పేరు అడగని దుకాణానికి కూడా హాస్టల్ ద్వారా పేరు తెలిసిపోతుంది. సెలెక్టివ్ డిస్‌క్లోజర్ దాచేది విలువలను. చూపించిన రెండు సందర్భాలూ ఒకే మనిషివన్న సంగతిని దాచదు. దీనికి ఆచరణలో వాడే పరిష్కారం ఒకేసారి అనేక టోకెన్‌లను, ఒక్కొక్కటి వేరు సాల్ట్‌లతో, వేరు కీతో జారీ చేసి, వాలెట్ ఒక్కో చోట ఒక్కోటి వాడేలా చేయడం. అప్పుడు కూడా కళాశాల, వెరిఫైయర్ చేతులు కలిపితే ఆనవాలు దొరుకుతుంది, ఎందుకంటే ఏ సంతకం ఎవరికిచ్చిందో కళాశాలకు తెలుసు. చూపించిన ప్రతిసారీ కొత్త రుజువు పుట్టించే బీబీఎస్ సంతకాల పద్ధతి ఈ లోటును తీరుస్తుంది గాని, ఫోన్‌ల భద్రతా హార్డ్‌వేర్‌లో దానికి ఇంకా ఈఎస్256కు ఉన్నంత ఆదరణ లేదు. కళాశాల ఐడీకి ఎస్‌డీ-జేడబ్ల్యూటీని గుంపుగా జారీ చేస్తే సరిపోతుందని నేను భావిస్తాను.

రద్దు సమాచారంలోనూ ఇదే చిక్కు. హాస్టల్ యాప్ ప్రతిసారీ "ఈ టోకెన్ చెల్లుతుందా?" అని కళాశాల సర్వర్‌ను అడిగితే, ఏ విద్యార్థి ఎప్పుడు ఎక్కడికి వెళ్లాడో కళాశాల దగ్గర పోగుపడుతుంది. బదులుగా వేల టోకెన్‌ల స్థితి ఉన్న ఒకే జాబితాను యాప్ మొత్తంగా దింపుకుని, అందులో తనకు కావలసిన స్థానం చూసుకోవాలి. ఆ స్థానం సంఖ్య ప్రతి టోకెన్‌కూ వేరుగా ఉండాలి.

అధీకరణ టోకెన్‌ల గురించి ఒక్క మాట. ఒకే యాక్సెస్ టోకెన్ మీ సర్వర్‌లలో గేట్‌వే నుంచి ఫీజుల సేవకు, అక్కడి నుంచి గ్రంథాలయ సేవకు తిరుగుతుంటే, ప్రతి సేవకూ అన్ని క్లెయిమ్‌లూ కనిపించడం మంచిది కాదు. అయినా అక్కడ ఎస్‌డీ-జేడబ్ల్యూటీ వెంటనే అందుకోవలసిన సాధనం కాదు. టోకెన్ ఇచ్చే సర్వర్ ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది కనుక, ఆర్ఎఫ్‌సీ 8693 టోకెన్ మార్పిడి ద్వారా ప్రతి సేవకూ దానికి కావలసినంత చిన్న టోకెన్‌నే తెప్పించుకోవడం తేలిక. జారీచేసినవారితో మాట్లాడే అవకాశం లేని చోట, లేదా వారికి తెలియకూడని చోట సెలెక్టివ్ డిస్‌క్లోజర్ తన విలువ చూపుతుంది.

9. విడుదలకు ముందు చేయవలసిన పరీక్షలు

టోకెన్‌లో ఒక్క అక్షరం మార్చి పంపండి. స్నేహితుడి "18 నిండాయి" డిస్‌క్లోజర్‌ను మీ టోకెన్ వెనుక తగిలించి పంపండి. ఒకే డిస్‌క్లోజర్‌ను రెండుసార్లు పెట్టండి. డిస్‌క్లోజర్‌లలో ఒకటి తొలగించి, పాత కీ బైండింగ్‌తోనే పంపండి. పాత నాన్స్‌తో, మరొకరి పేరుతో ఉన్న కీ బైండింగ్ పంపండి. కీ బైండింగ్‌ను పూర్తిగా కత్తిరించి పంపండి. ఇవన్నీ తిరస్కారానికి గురికావాలి. తరువాత తెలుగులో రాసిన పేరున్న టోకెన్‌ను ఆండ్రాయిడ్ వాలెట్ నుంచి వేరే భాషలో రాసిన వెరిఫైయర్‌కు, నెట్‌వర్క్ ఆపేసి పంపండి. ఇది మాత్రం అంగీకారం పొందాలి.

ఆఖరిగా వెరిఫైయర్ యాప్ తన డేటాబేస్‌లో ఏమి రాసుకుంటోందో తెరిచి చూడండి. సరిచూసిన ఫలితం, తేదీ, పట్టికలో ఆ వెరిఫైయర్‌కు గుర్తు పెట్టిన క్లెయిమ్‌లు తప్ప, అందిన టోకెన్ వరుసను యథాతథంగా దాచే కాలమ్ ఏదైనా ఉంటే దానిని విడుదలకు ముందే తొలగించండి.